తక్కువ బడ్జెట్‌లో సెమీ ఆటోమేటిక్ రైఫిల్ కొనొచ్చా? డబ్బు కట్టే ముందు ఇది తెలుసుకోండి

నంద్యాల, ఆళ్లగడ్డ వైపు తమ్ముళ్లు ఈ మధ్య తెగ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, షూటింగ్ నేర్చుకోవాలని ఉంది. యాభై వేల లోపు మంచి సెమీ ఆటోమేటిక్ స్పోర్టింగ్ రైఫిల్ ఏదో చెప్పన్నా." అమెరికా వాళ్ల వీడియోలు చూసి చూసి ఇదేదో మొబైల్ కొన్నంత సులువు అనుకుంటున్నారు. కాదు. ఎందుకు కాదో, దానికి బదులు ఏం కొనాలో ఈరోజు స్టెప్ బై స్టెప్ మాట్లాడుకుందాం.

ముందు సెమీ ఆటోమేటిక్ అంటే ఏంటి? ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక గుండు పోతుంది, తర్వాతి గుండు దానంతట అదే లోడ్ అవుతుంది. బోల్ట్ యాక్షన్‌లో అయితే ప్రతిసారీ చేత్తో బోల్ట్ లాగి నెట్టాలి. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల .315 స్పోర్టింగ్ రైఫిల్ ఈ రెండో రకం. సెమీ ఆటోమేటిక్ తుపాకుల్ని ఆర్మ్స్ రూల్స్ 2016 గట్టి ఆంక్షలున్న కేటగిరీలో పెట్టింది. అప్లికేషన్‌లో 'ఆట కోసం' అని రాసినంత మాత్రాన మామూలు మనిషికి వచ్చేది కాదు.

సరే, మామూలు రైఫిల్‌కైనా వెళ్దాం అనుకుంటే? 21 ఏళ్లు నిండాలి, లైసెన్స్ కావాలి, పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది. లైసెన్స్ లేకుండా మామూలు తుపాకీ దగ్గర పెట్టుకున్నా, 2019 సవరణ తర్వాత శిక్ష 2 నుంచి 5 ఏళ్లు. నిషేధిత ఆయుధమైతే కనీసం 7 ఏళ్లు. అందుకే వాట్సాప్‌లో, ఇన్‌స్టాలో "అడ్వాన్స్ కొట్టు, ఇంటికి పంపిస్తాం" అనే వాళ్లని వెంటనే బ్లాక్ చేయండి. మోసమైతే డబ్బు పోతుంది. నిజంగానే తుపాకీ వస్తే జీవితం పోతుంది. డిగ్రీ, ఉద్యోగం, పాస్‌పోర్ట్, అన్నీ ఒక్క కేసుతో ఆగిపోతాయి. మన వైపు వాళ్లంటే సినిమాలు ఇప్పటికే ఒక ముద్ర వేసి పెట్టాయి. దాన్ని మనమే నిజం చేయాల్సిన పని లేదు.

ఇప్పుడు అసలు పాయింట్. ఆట కోసమే అయితే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మీకు అవసరమే లేదు! ఒలింపిక్స్ 10 మీటర్లు, 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో ప్రతి షాట్‌కీ చేత్తో లోడ్ చేయాల్సిందే. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం, 2012 లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం, రెండూ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే వచ్చాయి. టార్గెట్ మధ్యలో పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. 60 షాట్లు కొట్టాలి. ఆళ్లగడ్డ శిల్పి ఉలి దెబ్బ చూశారు కదా, వేగం కాదు, ప్రతి దెబ్బా ఒకేలా పడటం ముఖ్యం. ఇదీ అంతే.

ఇంకో గుడ్ న్యూస్. 4.5 మిల్లీమీటర్ల, అంటే .177 బోర్ ఎయిర్ రైఫిల్‌కి, శక్తి 20 జౌల్స్ దాటకపోతే, లైసెన్స్ అక్కర్లేదు. షాపు వాళ్లు గుర్తింపు కార్డు, అడ్రస్ ప్రూఫ్ తీసుకుంటారు. ఇవేమీ అడగని షాపు దగ్గర కొనొద్దు. బిల్లు జాగ్రత్తగా దాచుకోండి.

బడ్జెట్‌కొద్దాం.

ఒకటి, స్ప్రింగ్ రకం. బ్యారెల్ వంచి లోడ్ చేస్తారు. మన దేశంలో తయారైనవి ఇరవై వేల లోపే దొరుకుతాయి. కొట్టినప్పుడు కుదుపు ఉంటుంది. బేసిక్స్ నేర్చుకోవడానికి చాలు.

రెండు, పీసీపీ. సిలిండర్‌లో ముందే గాలి నింపుతారు, కుదుపు దాదాపు ఉండదు. రేటు ఎక్కువ, గాలి నింపే పంపు ఖర్చు వేరు.

మూడు, జర్మనీ వాల్టర్, ఫైన్‌వెర్క్‌బావ్ లాంటి మ్యాచ్ రైఫిళ్లు. లక్షల్లో మాట. మొదటి రోజే వీటి జోలికి పోవద్దు.

కొనేటప్పుడు మూడు చూడండి. భుజానికి ఆనించినప్పుడు వేలు ట్రిగ్గర్‌కి హాయిగా అందుతోందా? ట్రిగ్గర్ ప్రతిసారీ ఒకేలా కదులుతోందా? సర్వీస్, స్పేర్ పార్ట్స్ దొరుకుతాయా? స్కోప్ మీద డబ్బు పెట్టొద్దు, ఒలింపిక్ తరహా పోటీల్లో దాన్ని అనుమతించరు. పెల్లెట్ల ఖర్చు మాత్రం లెక్కేసుకోండి. రోజుకి 60 చొప్పున నెలకి 25 రోజులంటే 1,500. అంటే 500 ఉండే డబ్బాలు మూడు, ప్రతి నెలా.

నా సలహా అడిగితే, మొదటి నెల అసలేమీ కొనొద్దు. రేంజ్ ఉన్న క్లబ్‌కి వెళ్లి వాళ్ల రైఫిల్‌తోనే కొట్టండి. నెల తర్వాత కూడా ఇష్టం అలాగే ఉంటే, అప్పుడు కోచ్‌ని అడిగి కొనండి. నాన్న పంట అమ్మిన డబ్బు అటక మీద దుమ్ము పట్టకూడదు కదా.

ఇంట్లో ప్రాక్టీస్ చేస్తే టార్గెట్ వెనక గట్టి అడ్డం ఉండాలి, ఆ దారిలో ఎవరూ రాకూడదు. లోడ్ చేసినా చేయకపోయినా మనుషుల వైపు తిప్పొద్దు. పెల్లెట్ సీసంతో చేసింది, తినే ముందు చేతులు కడుక్కోండి. ఇక అహోబిలం వైపు నల్లమల మీకు పక్కనే. ఎయిర్ గన్నే కదా అని పిట్టల మీద, నెమళ్ల మీద ట్రై చేయొద్దు. నెమలిని చంపితే వన్యప్రాణి చట్టం కింద 3 నుంచి 7 ఏళ్ల జైలు. గాలి తుపాకీ అన్న సాకు అక్కడ పని చేయదు.

మొత్తంగా ఒక్క మాట: లైసెన్స్ అక్కర్లేని .177 ఎయిర్ రైఫిల్, బిల్లు, ఒక మంచి కోచ్. మొదలుపెట్టడానికి ఇంతే కావాలి. తుపాకీ కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతున్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, వాడు అడ్వాన్స్ కొట్టేలోపే ఇది పంపండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.