మంచినీళ్ళు, వాడుకనీళ్ళు

తెలుగులో "మంచినీళ్ళు" అన్న మాట ఉన్నదంటేనే, తాగడానికి పనికిరాకపోయినా ఇతర పనులకు అక్కరకు వచ్చే నీళ్ళు వేరే ఉన్నాయని అర్థం. అనేక గ్రామాలలో మంచినీళ్ళ చెరువు ఒకటి, పశువులకూ బట్టలకూ మరొకటి ఉండేవి. పెరట్లో ఉప్పునీటి బావి ఉన్న ఇంట ఆ నీటితోనే గిన్నెలు తోమి, వాకిట కళ్ళాపి చల్లి, తాగే బిందెను మాత్రం దూరంనుంచి మోసుకువచ్చేవారు. నగరాలకు కుళాయిలు వచ్చిన తరువాత ఈ విచక్షణ చాలావరకు అంతరించింది.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క ప్రకారం అక్కడి సగటు కుటుంబం రోజుకు 300 గాలన్లకు పైగా, అనగా 1,100 లీటర్లకు మించి నీటిని వాడుతుంది. అందులో సుమారు 30 శాతం ఇంటి వెలుపల, ముఖ్యంగా పచ్చికకు పోతుంది. ఇంటిలోపలి వాడకంలో దాదాపు నాలుగో వంతు మరుగుదొడ్డిదే. తాగడానికీ వంటకూ పట్టేది పది గాలన్లు దాటదు. అయినప్పటికీ మొత్తం నీటిని తాగేనీటి ప్రమాణానికే శుద్ధి చేస్తున్నారు. పన్నీటితో పశువులకొట్టం కడిగినట్లున్నది ఈ పద్ధతి.

దీనికి కారణం తెలివితక్కువతనం కాదు, భయం. కలరా, టైఫాయిడ్ జ్వరాలు నగరాలను వణికించిన రోజులవి. 1908 సెప్టెంబరు 26న న్యూజెర్సీలోని జెర్సీ సిటీకి పోయే నీటిలో బ్లీచింగ్ పౌడరు ద్రావణాన్ని ఎడతెగకుండా కలపడం ఆరంభించారు. (సరిగ్గా రెండు రోజులకు మూసీ వరద హైదరాబాదును ముంచెత్తడం, దాని ఫలితంగా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వెలియడం కాకతాళీయమే అయినా గుర్తుంచుకోదగ్గది.) ఈ పొడి నీటిలో హైపోక్లోరస్ ఆమ్లాన్ని ఇస్తుంది. ఆ ఆమ్లపు అణువుకు విద్యుదావేశం లేదు కనుక సూక్ష్మజీవి కణకవచంలోకి సులువుగా చొచ్చుకుపోయి దానిని హతమారుస్తుంది. ఒకే గొట్టం, ఒకే రకం నీరు ఉన్నచోట పొరపాటున చెడ్డనీరు తాగే అవకాశమే ఉండదు. ఇది ఆషామాషీ లాభం కాదు.

అయితే మరొక చిక్కు వచ్చింది. అమెరికా వీధుల కింది గొట్టాల వ్యాసాన్ని నిర్ణయించేది ఎక్కువగా గృహిణి దాహం కాదు, అగ్నిమాపక దళపు అవసరం. గొట్టం లావైన కొద్దీ నీటి కదలిక మందగిస్తుంది; శుద్ధి కేంద్రంనుంచి ఇల్లు చేరడానికి కొన్నిచోట్ల రోజులు పడుతుంది. ఆలోగా క్లోరిన్ క్షీణిస్తుంది. నీటిలో మిగిలివున్న సేంద్రియ పదార్థాలతో కలిసి క్లోరోఫాం వంటి ట్రైహాలోమీథేనులను ఏర్పరుస్తుంది. 1974లో డచ్ రసాయనవేత్త యోహానెస్ రూక్ వీటిని గుర్తించాడు. అమెరికాలో వీటికి ఇప్పటి పరిమితి లీటరుకు 80 మైక్రోగ్రాములు. క్లోరిన్ పెంచితే ఇవి పెరుగుతాయి, తగ్గిస్తే సూక్ష్మజీవులు బతుకుతాయి. తాగే కొద్దిపాటి నీటికి సన్నని గొట్టం వేరుగా ఉంటే ఈ సంకటం చాలావరకు తీరుతుంది.

నీటిని రెండుగా విభజించి చూపిన మహానగరం హాంకాంగ్. మంచినీటికి కటకటలాడిన ఆ నగరం 1950ల చివరినుంచి మరుగుదొడ్లకు సముద్రపు నీటిని వేరే గొట్టాలద్వారా సరఫరా చేస్తున్నది. నేడు జనాభాలో ఎనభై శాతానికి పైగా దానినే వాడుతున్నారు. ఉప్పు ఇనుమును తినివేస్తుంది కనుక సిమెంటు పూతగల గొట్టాలు, ప్లాస్టిక్ గొట్టాలు వేయవలసివచ్చింది. ఆ మురుగునీరు తోటలకూ పనికిరాదు. కాని రసాయనశాస్త్రం ఇక్కడ ఒక ముచ్చటైన మలుపు తిప్పింది. సముద్రజలంలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. కొన్ని బాక్టీరియాలు ఆక్సిజన్‌కు బదులుగా ఆ సల్ఫేటుతోనే మాలిన్యాన్ని ఆక్సీకరణం చేసి సల్ఫైడును విడుస్తాయి. కుళ్ళిన గుడ్డు వాసనకు మూలమైన ఆ సల్ఫైడే మరొక జాతి బాక్టీరియాకు ఆధారమై, నైట్రేటును నత్రజని వాయువుగా మార్చడానికి తోడ్పడుతుంది. ఈ జీవులు మెల్లగా పెరుగుతాయి కనుక మిగిలే బురద కూడా స్వల్పమే. హాంకాంగ్ శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయం పరిశోధకులు దీనిని ఒక శుద్ధి విధానంగా తీర్చిదిద్దారు.

రెండు గొట్టాలకు ప్రమాదం లేకపోలేదు. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ శివారు లీడ్షె రైన్‌లో 2001లో వాడుకనీటి గొట్టం మంచినీటి గొట్టంతో పొరపాటున కలిసిపోయి జనం జబ్బుపడ్డారు. 2003లో ఆ దేశం ఇళ్ళకు ఇటువంటి పెద్ద పథకాలను విరమించుకున్నది. ఫ్లోరిడాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ మాత్రం 1970ల చివరినుంచి శుద్ధిచేసిన మురుగునీటిని పచ్చికలకు విడిగా ఇస్తూనే ఉన్నది. అమెరికాలో ఇటువంటి గొట్టాలకు ఊదారంగు వేస్తారు. తోటలో ఆ రంగు కుళాయి కనబడితే పిల్లలను దోసిలి పట్టనివ్వరాదు.

హైదరాబాదు సంగతి మరింత ఆలోచించదగినది. నాగార్జునసాగర్ జలాశయంనుంచి వంద కిలోమీటర్లకు పైగా కృష్ణాజలాన్ని విద్యుత్తుతో ఎత్తి పీఠభూమికి తెస్తున్నారు. ఇంత ఖర్చుపెట్టి తెచ్చిన నీటిని మరుగుదొడ్డిలో పారబోయడం విజ్ఞత కాదు. పైగా నీరు విడవని వేళల్లో గొట్టంలో ఒత్తిడి పడిపోయి, పగుళ్ళగుండా పక్కనున్న మురుగు లోపలికి చేరుతుంది. అక్కడి అపార్టుమెంట్లలో పలువురు తమంతట తామే ఒక ఏర్పాటు చేసుకున్నారు: స్నానాలగదికి బోరునీళ్ళు, వంటింట్లో ప్రత్యేకంగా ఒక మంజీర కుళాయి. అందులో వచ్చేది కృష్ణ అయినా, గోదావరి అయినా పేరు మాత్రం మంజీరదే. లోపమల్లా బోరు దగ్గరే. ఏటేటా లోతుకు దిగిపోతున్న భూగర్భజలం స్థానంలో, భవనపు మురుగునీటినే శుద్ధిచేసి ఆ రెండో గొట్టంలోకి పంపవచ్చు. గొట్టం ఇప్పటికే గోడలో ఉన్నది.