సముద్రం దాటిన తెలుగు పెట్టుబడి: వెళ్లిందెంత, నిలిచిందెంత?

2024-25లో విదేశాల నుంచి మన దేశానికి ప్రత్యక్ష పెట్టుబడులుగా వచ్చింది సుమారు 8,100 కోట్ల డాలర్లు. అదే ఏడాది ఇక్కడి విదేశీ మదుపరులు వాటాలు అమ్ముకునో, పెట్టుబడి ఉపసంహరించుకునో వెనక్కి పట్టుకెళ్లింది 5,150 కోట్లు. మన కంపెనీలు బయటి దేశాల్లో పెట్టింది 2,920 కోట్లు. ఈ రెండూ తీసేస్తే మిగిలింది దాదాపు 35 కోట్ల డాలర్లు. అంతకుముందు ఏడాది ఇదే మిగులు వెయ్యి కోట్ల డాలర్లు దాటింది.

వచ్చే పెట్టుబడి గురించి ప్రభుత్వాలు ప్రకటనలిస్తాయి, పత్రికలు పతాక శీర్షికలు పెడతాయి. పోయే పెట్టుబడి గురించి చర్చ తక్కువ. నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో ఉన్నవాళ్లకు ఈ రెండో లెక్కతో పనేముంది అనిపించవచ్చు. అనుమసముద్రంపేట, ఆత్మకూరు, ఉదయగిరి వైపు నుంచి గల్ఫ్‌కు మనుషులు వెళ్తారు, అక్కడి నుంచి డబ్బు వస్తుంది. ఆత్మకూరు ఎమ్మెల్యేగా, పరిశ్రమల మంత్రిగా ఉన్న దివంగత మేకపాటి గౌతమ్‌రెడ్డి 2022 ఫిబ్రవరిలో దుబాయ్ ఎక్స్‌పోకు వెళ్లింది కూడా రాష్ట్రానికి పెట్టుబడులు రప్పించడానికే.

మనుషులు పంపే డబ్బు చిన్నదేమీ కాదు. 2023-24లో ప్రవాసులు దేశానికి పంపింది 11,870 కోట్ల డాలర్లు. రిజర్వు బ్యాంకు సర్వే ప్రకారం అందులో తెలంగాణ వాటా 8.1 శాతం, ఆంధ్రప్రదేశ్ వాటా 4.4 శాతం. రెండు రాష్ట్రాలకూ కలిపి దాదాపు 1,480 కోట్ల డాలర్లు. ఆ ఏడాది దేశంలోని కంపెనీలన్నీ కలిసి బయట పెట్టిన పెట్టుబడి సుమారు 1,670 కోట్లు. కువైట్‌లో ఇంటి పని చేసే అమ్మ దగ్గర్నుంచి డాలస్‌లోని ఇంజనీరు వరకూ మనవాళ్లు పంపినది యావద్దేశపు కంపెనీలు తీసుకెళ్లినదానికి దగ్గర దగ్గరగా ఉందన్నమాట. నా దృష్టిలో ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకె ఇదే.

ఇక కంపెనీల సంగతి. విదేశాల్లో ఒక లిస్టెడ్ కంపెనీలో 10 శాతం, అంతకుమించి వాటా కొంటే దాన్ని ప్రత్యక్ష పెట్టుబడి అంటారు. పది లోపైతే, నిర్వహణలో పట్టు కూడా లేకపోతే, అది షేర్ల మదుపు కిందికే వస్తుంది. ఏ భారతీయ కంపెనీ ఏ దేశంలో ఎంత పెట్టిందో రిజర్వు బ్యాంకు ప్రతి నెలా పట్టిక విడుదల చేస్తుంది. కంపెనీ పేరు, దేశం, వాటా, అప్పు, గ్యారంటీ అన్నీ ఉంటాయి గానీ రాష్ట్రం పేరుతో గడి ఉండదు. అందుకే తెలుగు నేల నుంచి ఎంత వెళ్లిందని అడిగితే చెప్పడానికి ఒక్క అంకె దొరకదు. కంపెనీ కంపెనీగా చూసుకోవాల్సిందే.

ఈ డబ్బు ఎప్పుడు పెరిగిందన్నది ప్రభుత్వం తలుపు ఎంత తెరిచిందన్నదాన్ని బట్టే ఉంది. 1992లో ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లగలిగింది 20 లక్షల డాలర్లు. 2002లో అది 10 కోట్ల డాలర్లయింది. 2005లో కంపెనీ నికర విలువకు రెండింతలు, 2007లో నాలుగింతలు చేశారు. 2013 ఆగస్టులో రూపాయి జారిపోతుంటే ఒక్కసారిగా నికర విలువ మేరకే కుదించి, ఏడాది తిరక్కుండానే మళ్లీ నాలుగింతలు చేశారు. ఐక్యరాజ్యసమితి వాణిజ్య, అభివృద్ధి సంస్థ లెక్కల్లో 2000 నాటికి భారత కంపెనీల విదేశీ పెట్టుబడి నిల్వ 170 కోట్ల డాలర్లు. 2010 నాటికి 9,690 కోట్లు. పదేళ్లలో యాభై రెట్లు దాటింది.

ఆ పదేళ్ల ఉత్సాహంలో తెలుగు కంపెనీలు ముందు వరసలో నిలబడ్డాయి. 2006లో డాక్టర్ రెడ్డీస్ జర్మనీలోని బీటాఫార్మ్‌ను 48 కోట్ల యూరోలకు కొంది. అప్పటికి ఒక భారతీయ మందుల కంపెనీ విదేశాల్లో చేసిన అతిపెద్ద కొనుగోలు అది. జీఎంఆర్ 2008లో ఇంటర్‌జెన్ అనే విద్యుత్ సంస్థలో సగం వాటాను 110 కోట్ల డాలర్లకు కొంది. ఇస్తాంబుల్‌లోని ఒక విమానాశ్రయంలో వాటా తీసుకుంది. 2010లో మాల్దీవుల్లోని మాలే విమానాశ్రయం చేపట్టింది. 2011లో జీవీకే ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ బొగ్గు గనుల కోసం 126 కోట్ల డాలర్లు ఒప్పుకుంది. అదే ఏడాది ల్యాంకో పశ్చిమ ఆస్ట్రేలియాలో గ్రిఫిన్ కోల్‌ను దాదాపు 75 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు తీసుకుంది.

బొగ్గు మీద అంత మోజు ఎందుకు? జవాబు నెల్లూరు తీరంలోనే ఉంది. కృష్ణపట్నం దగ్గర 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టును రిలయన్స్ పవర్ 2007 చివర్లో దక్కించుకుంది. యూనిట్ రూ.2.33కే ఇస్తామంది. ఇండోనేషియాలో సొంత గనులు కొని అక్కడి చౌక బొగ్గు తేవాలన్నది ఆలోచన. 2010లో ఇండోనేషియా నిబంధనలు మార్చి, ఎగుమతి బొగ్గును అంతర్జాతీయ ధరకే అమ్మాలంది. గని మనదే అయినా ధర మన చేతిలో లేకుండా పోయింది. ప్రాజెక్టు ఆగి, గొడవ ఢిల్లీ హైకోర్టుకెక్కింది. విదేశీ పెట్టుబడిలో ఉండే అసలు ప్రమాదం ఇదే: ఆస్తి మన పేరున ఉంటుంది, చట్టం వాళ్ల చేతిలో ఉంటుంది.

ఆస్ట్రేలియా కథ ఇంకా చేదు. 2011 మొదట్లో టన్ను 120 డాలర్లు దాటిన బొగ్గు 2015 చివరికి 50 డాలర్ల దరిదాపులకు పడింది. జీవీకే గనులకు రైలు మార్గం, రేవు కొత్తగా కట్టాలి. ధర పడ్డాక వాటికి డబ్బు పెట్టేవారే లేరు. అప్పు మాత్రం పెరుగుతూ పోయింది. 2023 అక్టోబరులో లండన్ హైకోర్టు ఆరు భారతీయ బ్యాంకులకు దాదాపు 219 కోట్ల డాలర్లు చెల్లించాలని జీవీకే సంస్థలను ఆదేశించింది. 2024లో జీవీకే పవర్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2017లో రిజర్వు బ్యాంకు దివాలాకు పంపిన 12 పెద్ద ఖాతాల్లో ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ ఒకటి. మరుసటి ఏడాది దాన్ని లిక్విడేట్ చేయమని ఉత్తర్వులొచ్చాయి. ఆ అప్పులిచ్చిన బ్యాంకుల్లో ఉండేది మామూలు జనం డిపాజిట్లే. ఊళ్లో డిపాజిట్ వేసినవారికి క్వీన్స్‌లాండ్‌తో ఉన్న సంబంధం అది.

జీఎంఆర్ దారి వేరు. అప్పు మోయలేకపోతున్నప్పుడు అమ్మేయడానికి వెనకాడలేదు. ఇంటర్‌జెన్ వాటాను 123 కోట్ల డాలర్లకు చైనా సంస్థకు, ఇస్తాంబుల్ వాటాను 22.5 కోట్ల యూరోలకు మలేషియా సంస్థకు ఇచ్చేసింది. మాలే ఒప్పందాన్ని అక్కడి ప్రభుత్వం 2012లో రద్దు చేస్తే మధ్యవర్తిత్వానికి వెళ్లి, 2016లో సుమారు 27 కోట్ల డాలర్లు రాబట్టుకుంది. అప్పు చేసి వెళ్లినవాళ్లలో బయటపడే తలుపు ముందే చూసుకున్నది ఈ సంస్థేనని నా అంచనా.

మందుల కంపెనీలకూ దెబ్బలు తగిలాయి. బీటాఫార్మ్ కొన్న కొద్దికాలానికే జర్మనీ ఆరోగ్య బీమా సంస్థలు టెండర్లు పిలిచి మందులు కొనడం మొదలుపెట్టాయి. ధరలు కూలాయి. కొన్న ఆస్తి విలువను పుస్తకాల్లో తగ్గించి రాయడంతో డాక్టర్ రెడ్డీస్‌కు 2008-09లో రూ.500 కోట్లు మించిన నష్టం వచ్చింది. అయినా కంపెనీ కూలలేదు, ఎందుకంటే మందు తయారీ అనే చేతిపని దానిదే, అమెరికా మార్కెట్ వేరే ఉంది. 2024లో ఇదే సంస్థ పొగతాగడం మాన్పించే నికోటినెల్ బ్రాండును 50 కోట్ల పౌండ్ల దాకా పెట్టి తీసుకుంది.

అరబిందో ఫార్మా లెక్కలు మరింత ఆసక్తికరం. 2014లో యూరప్‌లోని ఏడు దేశాల్లో యాక్టావిస్ వ్యాపారాన్ని, అది నష్టాల్లో ఉన్నప్పుడే, 3 కోట్ల యూరోలకు కొంది. అదే ఏడాది నాట్రోల్ అనే అమెరికా సంస్థను 13 కోట్ల డాలర్లకు కొని 2020లో 55 కోట్లకు అమ్మింది. శాండోజ్ అమెరికా వ్యాపారంలో కొంత భాగాన్ని 90 కోట్ల డాలర్లకు కొనాలనుకుంటే, అక్కడి నియంత్రణ సంస్థ అనుమతి రాక 2020లో విరమించుకుంది.

రెండు వరసల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించే తేడా అప్పు ఒక్కటే కాదు. మందుల వాళ్లు తాము ఇక్కడ తయారుచేసే సరుకుకు అక్కడ అమ్మకపు దారి కొన్నారు. బొగ్గు వాళ్లు తమకు అలవాటు లేని గని పనిని, అలవాటు లేని దేశంలో, ధర శిఖరాన ఉన్నప్పుడు కొన్నారు. విభజన తర్వాత ఈ కంపెనీల్లో ఎక్కువ భాగం చిరునామా తెలంగాణే. ఆంధ్ర వైపు చెప్పుకోదగ్గ పేరు తిరుపతి అమరరాజా. స్లొవేకియాలోని ఇనోబ్యాట్ అనే బ్యాటరీ సంస్థలో 2021లో ఒక కోటి యూరోలతో మొదలుపెట్టింది. మొత్తం చిన్నదే గానీ తెలిసిన పనిలోనే పెట్టింది.

మీకు ఏదైనా కంపెనీలో పది షేర్లున్నా, మ్యూచువల్ ఫండ్ ద్వారా మదుపు చేస్తున్నా, ఆ కంపెనీ వార్షిక నివేదికలో ఫారం ఏఓసీ-1 అనే పట్టిక ఉంటుంది. ఏయే అనుబంధ సంస్థలున్నాయో, వాటికి లాభమో నష్టమో అందులో రాసి ఉంటుంది. వెనక నోట్సులో విదేశీ సంస్థల అప్పులకు మాతృసంస్థ ఇచ్చిన గ్యారంటీల మొత్తం ఉంటుంది. షేరు ధర చూసే ముందు ఆ రెండు పేజీలూ చదవండి.