కోత ఒక్కరోజు.. కాపుదల ఏడాది పొడవునా

బరువు తగ్గించే శస్త్రచికిత్స తరువాత తొలి సంవత్సరమే కీలకం
మాత్రలు మానినా, వాంతులను తేలికగా తీసుకొన్నా ముప్పే

బరువు తగ్గించే శస్త్రచికిత్స గంట, రెండు గంటల్లో ముగుస్తుంది. రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు. పొట్టపై నాలుగైదు చిన్న గాట్లు తప్ప పైకి ఏమీ కనిపించదు. దీంతో పని పూర్తయిందని రోగి, కుటుంబ సభ్యులు ఊపిరి పీల్చుకొంటారు. నిజానికి అసలు పరీక్ష ఇంటికి చేరిన రోజు నుంచే మొదలవుతుంది. ఆపరేషన్ చేసిన నిపుణుడు హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో, విశాఖలోనో ఉంటారు. రోగి మాత్రం పల్లెలో ఉంటాడు. ఈ దూరమే చాలామందికి సమస్యగా మారుతోంది. ఏడాదిలో ఏ దశలో ఏం జరుగుతుందో, ఎక్కడ జాగ్రత్త పడాలో తెలిస్తే ఈ దూరాన్ని చాలావరకు దాటవచ్చు.

స్థూలకాయం ఇప్పుడు పట్టణాలకే పరిమితమైన సమస్య కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం మహిళలు అధిక బరువు లేదా స్థూలకాయంతో ఉన్నారు. దేశ సగటు 24 శాతం కావడం గమనార్హం.

ఎవరికి చేస్తారు?

ఎత్తుకు తగిన బరువు ఉన్నదీ లేనిదీ బీఎంఐ లెక్కతో చూస్తారు. కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సంఖ్య ఇది. 160 సెంటీమీటర్ల ఎత్తున్న వ్యక్తి 90 కిలోలుంటే బీఎంఐ 35 దాటినట్లే. ఈ శస్త్రచికిత్సకు 1991లో అమెరికాలో రూపొందించిన ప్రమాణాలను 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్యుల సంఘాలు సవరించాయి. మనవంటి ఆసియా వాసులకు తక్కువ బరువులోనే మధుమేహం వచ్చే అవకాశం ఉన్నందున 27.5 బీఎంఐ నుంచే పరిశీలించవచ్చని పేర్కొన్నాయి. బీమా లెక్క వేరు. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో బీఎంఐ 40 లేదా అంతకు మించి ఉండాలని, 35 నుంచి అయితే అదుపు తప్పిన మధుమేహం, గుండె జబ్బు, తీవ్రమైన నిద్రలో శ్వాస ఆగే సమస్య వంటివి తోడవ్వాలని ఉంది. ఆపరేషన్‌కు ముందే పాలసీ కాగితాలు చదివించుకోవడం మేలు.

కడుపులో ఏం మారుతుంది?

ఎక్కువగా చేసేవి రెండు రకాలు. స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయంలో దాదాపు నాలుగింట మూడు వంతులు కోసి తీసివేస్తారు. మిగిలినది అరటికాయ ఆకారంలో సన్నని గొట్టంలా ఉంటుంది. ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే భాగం కూడా దానితోపాటే పోతుంది. అందుకే తొలి నెలల్లో ఆకలి అంతగా తెలియదు. బైపాస్ పద్ధతిలో రెండు పెద్ద చెంచాల పదార్థం పట్టేంత చిన్న సంచిని మిగిల్చి, దానిని చిన్నపేగు దిగువ భాగానికి కలుపుతారు. ఆహారం పేగులో కొంత దూరం దాటి వెళ్లిపోతుంది కనుక ఇనుము, కాల్షియం, విటమిన్లు ఒంటికి పట్టడం తగ్గుతుంది. తనకు చేసినది ఏ రకమో ప్రతి రోగికీ తెలిసి ఉండాలి. తరువాతి జాగ్రత్తలన్నీ దానిపైనే ఆధారపడతాయి.

జావ నుంచి అన్నం దాకా

లోపలి కుట్లు మానడానికి వ్యవధి కావాలి. తొలి రెండు వారాలు ద్రవాలే ఆహారం. పలుచని మజ్జిగ, పప్పుకట్టు, వడగట్టిన చారు, పలుచని రాగిజావ, వైద్యులు సూచించిన ప్రొటీన్ పొడి కలిపిన పాలు గుక్కెడు గుక్కెడుగా తీసుకోవాలి. తరువాతి రెండు వారాలు మెత్తగా మెదిపిన పప్పు, పెరుగు, గుడ్డు తెల్లసొన వంటివి ఇస్తారు. ఆపై ఇడ్లీ, మెత్తగా ఉడికిన కూరలు, ముళ్లు తీసిన చేప తినవచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు భోజనం కొద్ది పరిమాణంలో మొదలవుతుంది. ఆసుపత్రిని బట్టి ఈ గడువుల్లో స్వల్ప తేడాలుంటాయి. ఇచ్చిన చీటీనే పాటించాలి.

తినే తీరు కూడా మారాలి. చిన్న ముద్ద, బాగా నమలడం, కడుపు నిండినట్లు అనిపించిన వెంటనే ఆపడం అలవాటు చేసుకోవాలి. అన్నం మధ్యలో నీళ్లు తాగే అలవాటు మనలో చాలామందికి ఉంది. దానిని మానాలి. భోజనం తరువాత అరగంట ఆగి, అప్పటి నుంచి కొద్దికొద్దిగా తాగాలి. రోజు మొత్తంమీద ఒకటిన్నర లీటర్లకు తగ్గకూడదు. వేసవిలో పొలం పనికి వెళ్లేవారు సీసా వెంట ఉంచుకోవాలి. ఒకేసారి చెంబెడు నీళ్లు తాగడం ఇక కుదరదు.

తీపి విషయంలో, ముఖ్యంగా బైపాస్ అయినవారు అప్రమత్తంగా ఉండాలి. లడ్డూ, బొబ్బట్లు, శీతల పానీయాల వంటివి తీసుకొంటే చక్కెర ఒక్కసారిగా పేగులోకి దిగి గుండె దడ, చెమటలు, కడుపులో మెలితిప్పడం, విరేచనాలు రావచ్చు. డంపింగ్ అని వైద్యులు పిలిచేది దీన్నే.

మాంసకృత్తులకే మొదటి పీట

బరువు వేగంగా తగ్గేటప్పుడు కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. దీన్ని అడ్డుకోవడానికి రోజుకు 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు అవసరం. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములే ఉంటాయి. అంటే ఇష్టం వచ్చినట్లు తింటే లెక్క కుదరదు. విస్తరిలో ముందు పప్పు, గుడ్డు, చేప, కోడిమాంసం, పనీరు, మీల్‌మేకర్ వంటివి తినాలి. తరువాత కూర, చోటుంటే చివరగా అన్నం. అన్నంతో మొదలుపెడితే దానితోనే కడుపు నిండిపోతుంది.

నడక ఆసుపత్రిలోనే మొదలుపెట్టిస్తారు. దానిని రోజూ పెంచుకొంటూ పోవాలి. బరువులెత్తడం మాత్రం సుమారు ఆరు వారాలు వద్దు. నీళ్ల బిందెలు, గడ్డిమోపులు, బియ్యం బస్తాల జోలికి వెళ్లకూడదు.

మాత్రలు మానితే ముప్పు

మూడు నాలుగు నెలలకు బరువు తగ్గి, ఒళ్లు తేలికవుతుంది. బాగానే ఉన్నాం కదా అని విటమిన్ మాత్రలు మానేసేది సరిగ్గా అప్పుడే. మల్టీవిటమిన్, బీ12, ఇనుము, కాల్షియం, డీ విటమిన్ జీవితాంతం అవసరమవుతాయి. కాల్షియం రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు విడతలుగా వేసుకోవాలి. ఇనుము మాత్రకు, దీనికి మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. టీతో ఇనుము మాత్ర మింగితే ప్రయోజనం ఉండదు. రుతుక్రమం ఉన్న మహిళలకు రక్తహీనత త్వరగా వస్తుంది కనుక వారికి ఇనుము మోతాదు ఎక్కువ. బీ12 నిల్వలు కాలేయంలో కొన్నేళ్లకు సరిపడా ఉండవచ్చు. అందువల్ల లోటు ఆలస్యంగా బయటపడుతుంది. అప్పటికే నరాలు దెబ్బతిని అరికాళ్లలో తిమ్మిర్లు పట్టుకొంటాయి. మూడు, ఆరు, పన్నెండు నెలలకు, తరువాత ఏటా రక్తపరీక్షలు చేయించుకోవాలి. వీటిలో చాలావరకు జిల్లా కేంద్రంలోని ప్రయోగశాలల్లోనే చేయించి, ఫలితాలు నిపుణుడికి పంపవచ్చు.

సెలైన్‌తో సరిపెట్టరాదు

పల్లెల్లో అందరూ గుర్తుంచుకోవాల్సిన అంశం ఇది. ఆపరేషన్ తరువాత మొదటి నెలల్లో కొందరికి వాంతులు అవుతాయి. మూడు నాలుగు రోజులు ఏమీ నిలవకపోతే ముందుగా వెళ్లేది ఊళ్లోని ఆర్‌ఎంపీ వద్దకే. నీరసం తగ్గుతుందని గ్లూకోజు సీసా ఎక్కిస్తారు. ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. బీ1 విటమిన్ ఒంట్లో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. వాంతులతో అది అడుగంటిన సమయంలో గ్లూకోజు ఎక్కిస్తే, దానిని ఖర్చు చేయడానికి మిగిలిన కొద్దిపాటి బీ1 కూడా అయిపోతుంది. చూపు రెండుగా కనిపించడం, కళ్లు అదరడం, నడక తూలడం, మాట తికమకపడడం దీని లక్షణాలు. ఆలస్యమైతే మెదడుకు శాశ్వత నష్టం, ప్రాణాపాయం కలుగుతాయి. గ్లూకోజుకు ముందు లేదా దానితోపాటు బీ1 ఇంజెక్షన్ ఇస్తే ఈ ఉపద్రవం తప్పుతుంది. దీనికి ఖర్చు స్వల్పమే. రోగి బంధువులు 'కడుపు చిన్నది చేసే ఆపరేషన్ అయింది, బీ1 ఇవ్వాలా చూడండి' అని చెప్పడం మరువరాదు. వాంతులు రెండు రోజులు దాటితే ఊళ్లో కాలయాపన చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఒళ్లునొప్పుల మాత్రలతో పుండ్లు

మోకాళ్ల నొప్పి, నడుము నొప్పి అనగానే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు, ఇంజెక్షన్లు వాడటం మన ప్రాంతంలో పరిపాటి. బైపాస్ అయినవారికి ఇవి కలిపిన చోట పుండ్లు పుట్టిస్తాయి. పుండు రక్తం కారవచ్చు, చిల్లు పడవచ్చు. స్లీవ్ అయినవారు కూడా వైద్యుణ్ని అడగకుండా వాడరాదు. నొప్పికి పారాసిటమాల్ మేలు. బీడీ, సిగరెట్, చుట్ట తాగేవారికి ఈ పుండ్ల ముప్పు మరింత ఎక్కువ. మద్యం కూడా మునుపటిలా ఉండదు. కొద్దిగా తాగినా త్వరగా, ఎక్కువగా ఎక్కుతుంది. ఆహారంతో దొరికే ఊరట పోయినవారిలో కొందరు మద్యం వైపు మళ్లే ప్రమాదమూ ఉంది.

మధుమేహం, రక్తపోటు ఉన్నవారికి

బరువు తగ్గక ముందే చాలామందికి చక్కెర దిగివస్తుంది. పాత మోతాదులోనే ఇన్సులిన్, మాత్రలు వాడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. రక్తపోటు మాత్రలతో కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంచుకొని, వైద్యుని సలహాపై మోతాదులు తగ్గించుకోవాలి. సొంతంగా పూర్తిగా ఆపడమూ తప్పే. మధుమేహం అదుపులోకి వచ్చినా కొన్నేళ్లకు తిరిగి రావచ్చు కనుక పరీక్షలు కొనసాగాలి.

జుట్టు రాలితే దిగులొద్దు

మూడో నెల నుంచి ఆరో నెల వరకు దువ్వెన నిండా జుట్టు రావడం మహిళలను కలవరపెడుతుంది. వేగంగా బరువు తగ్గడమే దీనికి కారణం. మాంసకృత్తులు, ఇనుము సరిగా అందితే ఏడాది లోపు చాలావరకు తిరిగి వస్తుంది. పొట్ట, చేతులు, తొడల వద్ద చర్మం వేలాడడం మాత్రం వ్యాయామంతో పూర్తిగా పోదు. మడతల్లో తడి లేకుండా చూసుకోవాలి. పిత్తాశయంలో రాళ్లు ఏర్పడటం మరో సమస్య. వీటి నివారణకు తొలి ఆరు నెలలు మాత్రలు ఇస్తారు. భోజనం తరువాత కుడి డొక్కలో నొప్పి వస్తే స్కానింగ్ చేయించాలి.

పిల్లల కోసం ఎదురుచూసేవారికి

స్థూలకాయం వల్ల గర్భం నిలవని మహిళలకు బరువు తగ్గిన కొద్ది నెలల్లోనే రుతుక్రమం సరవుతుంది. సంతోషమే కానీ, తల్లి ఒంట్లో పోషకాలు తగ్గుతున్న సమయంలో గర్భం వస్తే ఇద్దరికీ కష్టం. 12 నుంచి 18 నెలలు ఆగాలని నిపుణులు సూచిస్తున్నారు. బైపాస్ తరువాత గర్భనిరోధక మాత్రలు సరిగా పట్టకపోవచ్చు. కాపర్-టీ వంటి ఇతర మార్గాల గురించి ముందే అడగాలి. గర్భం వస్తే ఏఎన్‌ఎంకు, వైద్యులకు ఆపరేషన్ సంగతి తప్పక తెలపాలి.

ఇంటివారి పాత్ర

పెళ్లికి వెళితే 'ఇంకో ముద్ద తినమ్మా' అని బతిమాలడం మన మర్యాద. ఈ రోగికి ఆ ముద్దే వాంతి తెప్పిస్తుంది. మరోవైపు 'చిక్కి సగమైపోయావు, ఏ జబ్బో' అనే పలకరింపులు మనసును నొప్పిస్తాయి. కార్తీక ఉపవాసాలు, రంజాన్ రోజాలు తొలి ఏడాది పాటించాలనుకొంటే ముందుగా వైద్యుణ్ని సంప్రదించాలి. దిగులు, నిద్రలేమి, బతుకుపై విరక్తి కనిపిస్తే కుటుంబం వెంటనే స్పందించాలి. ప్రభుత్వ టెలిమానస్ ఉచిత నంబరు 14416కు తెలుగులోనూ మాట్లాడవచ్చు.

బరువు ఎక్కువగా తగ్గేది తొలి ఆరు నెలల్లో. ఆపై వేగం మందగించి, ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య నిలకడకు వస్తుంది. 120 కిలోలున్న వ్యక్తి 85 నుంచి 90 కిలోలకు చేరడం మంచి ఫలితమే. మధ్యలో రెండు మూడు వారాలు కాటా ముల్లు కదలకపోవడం సహజం. ఏడాది తరువాత ఆకలి కొంత తిరిగి వస్తుంది. అప్పటికి తిండి, నడక అలవాట్లు స్థిరపడి ఉండకపోతే పోయిన బరువు మళ్లీ చేరుతుంది.

ఇవి కనిపిస్తే క్షణం ఆలస్యం వద్దు

* తొలి వారాల్లో జ్వరం, తీవ్రమైన కడుపు నొప్పి, నాడి నిమిషానికి 120 దాటడం. లోపలి కుట్ల వద్ద కారుతోందనడానికి ఇవి సంకేతాలు.
* ఒక కాలు వాచి నొప్పి పెట్టడం, హఠాత్తుగా ఆయాసం. రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.
* నల్లని మలం, రక్తపు వాంతి.
* నీళ్లు కూడా నిలవని వాంతులు, తూలుడు, అయోమయం.
* బైపాస్ అయిన నెలలు, ఏళ్ల తరువాతనైనా హఠాత్తుగా మెలిపెట్టే కడుపు నొప్పి. పేగు మెలిపడి ఉండవచ్చు.

ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఆపరేషన్ రకం, తేదీ, వాడకూడని మందులు, సంప్రదించాల్సిన ఫోన్ నంబరు ఒక కార్డుపై తెలుగులో రాయించుకోవాలి. దాని నకళ్లు రేషన్ కార్డు, ఆధార్‌తోపాటు ఇంట్లో ఒకటి, ఊళ్లోని ఆర్‌ఎంపీ వద్ద ఒకటి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒకటి ఉంచాలి. అర్ధరాత్రి 108 వాహనం వచ్చినప్పుడు రోగి మాట్లాడలేని స్థితిలో ఉన్నా ఆ కార్డు మాట్లాడుతుంది.