రెండు లిపుల ఇంటికి ఏ లినక్స్ డెస్క్‌టాప్ తగును?

బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసే కుమారుడు తనకు కొత్త కంప్యూటరు కొనుక్కొని, పాతదానిని స్వగ్రామంలోని తల్లిదండ్రులకు పంపడం పావగడ, హోసూరు, బరంపురం పరిసరాల తెలుగు కుటుంబాలలో నేడు అరుదైన విషయం కాదు. పాతది అన్న మాటే గాని, అది బలహీనమైన యంత్రం కాదు. 16 లేక 32 జీబీల మెమరీ, వేగవంతమైన ఎస్‌ఎస్‌డీ, విడిగా అమర్చిన గ్రాఫిక్స్ కార్డు అందులో ఉంటాయి. అయినను ప్రాసెసరు తరం పాతదైనందున విండోస్ 11కు అర్హత పొందని యంత్రాలు ఇటువంటివి ఎన్నో ఉన్నాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఆ తరువాత చాలామంది దృష్టి లినక్స్ వైపు మళ్లినది.

లినక్స్‌కు వచ్చినవారికి మొదట ఎదురయ్యే చిక్కు డెస్క్‌టాప్ ఎంపిక. విండోస్‌లో తెర ఎట్లా ఉండాలో దానిని తయారుచేసిన సంస్థే నిర్ణయిస్తుంది. లినక్స్ అనేది నిజానికి లోపలి యంత్రాంగం మాత్రమే. మెనూలు, కిటికీలు, అమరికల పేటిక, ఫైళ్లను చూపే సాధనం, ఇవన్నీ కలిసిన పైభాగాన్ని డెస్క్‌టాప్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. పునాది ఒక్కటే అయినను ఇంటి ముంగిలిని ఎవరికి నచ్చినట్లు వారు తీర్చుకొన్నట్లు, ఈ పైభాగాన్ని మార్చుకోవచ్చును.

ఇవి అనేకం కావడానికి ఒక చరిత్ర ఉన్నది. జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయ విద్యార్థి మథియాస్ ఎట్రిష్ 1996 అక్టోబరులో కేడీఈ పథకాన్ని ప్రకటించాడు. అది ఆధారపడిన క్యూటీ అనే ఉపకరణానికి ఆనాడు పూర్తి స్వేచ్ఛా అనుమతి లేదు. ఆ కారణంగానే 1997లో మెక్సికోకు చెందిన మిగెల్ డి ఇకాజా, ఫెడెరికో మేనా గ్నోమ్ పథకాన్ని ఆరంభించారు. తరువాత క్యూటీ అనుమతి మారినది, తగవు తీరినది, కాని రెండు ఇండ్లు మాత్రం అట్లాగే నిలిచిపోయినవి. 2011లో గ్నోమ్ 3 తన రూపాన్ని సమూలంగా మార్చినప్పుడు నచ్చనివారు పాత రూపాన్ని మాటే అనే పేరుతో కొనసాగించారు. లినక్స్ మింట్ బృందం సిన్నమన్‌ను రూపొందించినది.

సాధారణంగా ఇచ్చే సలహా, తేలికైన డెస్క్‌టాప్‌ను ఎంచుకొమ్మని. రెండు జీబీల మెమరీతో మూలుగుతున్న పాత ల్యాప్‌టాప్‌కు అది మంచి సలహాయే. శక్తిమంతమైన యంత్రానికి దానితో పని లేదు. గ్నోమ్ గాని, కేడీఈ వారి ప్లాస్మా గాని తెర తెరచిన వెంటనే సుమారు ఒకటి రెండు జీబీల మెమరీ తీసుకొంటుంది. ఎక్స్‌ఎఫ్‌సీఈ అంతకంటె కొంత తక్కువతో సరిపెట్టుకొంటుంది. 32 జీబీలు ఉన్న ఇంట ఈ తేడాను లెక్కించడం, గాదె నిండా ధాన్యం పెట్టుకొని గంజితో కడుపు నింపుకోవడమే. ఇక్కడ చూడవలసినవి వేరు: గ్రాఫిక్స్ కార్డుతో పొందిక, పెద్ద తెరమీద అక్షరాల స్పష్టత, అన్నింటికంటె ముఖ్యంగా రెండు మూడు లిపులలో వ్రాసుకొనే సౌలభ్యం.

గ్రాఫిక్స్ విషయం ముందు. లినక్స్ తెరను నడిపే పాత పద్ధతి ఎక్స్11. దాని స్థానంలో వేల్యాండ్ వచ్చినది. ఎన్‌విడియా కార్డులు వేల్యాండ్ మీద మినుకుమినుకుమనడం చాలాకాలం తలనొప్పిగా ఉండేది. 2024లో వచ్చిన 555 డ్రైవరుతో ఆ ఇబ్బంది చాలావరకు తగ్గినది. కావున ఎన్‌విడియా కార్డు ఉన్నవారు, ఆ డ్రైవరు గాని దానికి పైది గాని తమ కార్డుకు లభిస్తుందా అని ముందు చూసుకోవలెను. ఏఎమ్‌డీ, ఇంటెల్ కార్డులకు ఈ బెడద తక్కువ. ఒకే యంత్రానికి వేర్వేరు పరిమాణాల రెండు తెరలు తగిలించి, ఒకదాన్ని 100 శాతంలోను మరొకదాన్ని 150 శాతంలోను చూడదలచినవారికి, 2024 ఫిబ్రవరిలో విడుదలైన ప్లాస్మా 6 మొదలుకొని ఆ వరుస మిక్కిలి అనుకూలం.

అక్షరాల స్పష్టత తెలుగువారికి చిన్న విషయం కాదు. ఆంగ్ల అక్షరాల ఎత్తును బట్టి గీసిన మెనూలలో మన ఒత్తులు అడుగున తెగిపోవడం, గుడులు పై వరుసకు తగలడం కనబడుతుంది. ప్లాస్మాలోను సిన్నమన్‌లోను అమరికల పేటికలోనే ఫాంటును, పరిమాణాన్ని మార్చుకోవచ్చును. గ్నోమ్‌లో అందుకు ట్వీక్స్ అనే మరొక సాధనాన్ని చేర్చుకోవలసి ఉంటుంది. ఇంత చిన్న సంగతిని పక్క గదిలో దాచడం గ్నోమ్ వారి పంతమే తప్ప వేరు కాదు. నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా లభిస్తాయి.

ఇక సరిహద్దు ఇండ్లకు అసలైన ప్రశ్న. పావగడలో పిల్లవాడు బడిలో కన్నడం వ్రాస్తాడు, ఇంట తెలుగు మాట్లాడతాడు. బరంపురంలో ఆ స్థానం ఒడియాది, హోసూరులో తమిళానిది. బడి పనికి ఒక లిపి సులభంగా వచ్చి, తెలుగుకు మాత్రం పది మీటలు నొక్కవలసి వస్తే ఆ బిడ్డ తెలుగును ఆంగ్ల అక్షరాలలో వ్రాయడానికి అలవాటు పడతాడు. పిమ్మట అవ్వకు పంపే ఉత్తరమైనా ఆ అక్షరాలలోనే ఉంటుంది.

దీనికి చక్కని పరిష్కారం ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరిక. భారత ప్రభుత్వం ప్రమాణీకరించిన ఈ అమరికలో ఎడమ చేతి వైపు అచ్చులు, కుడి చేతి వైపు హల్లులు ఉంటాయి. ఒక ధ్వనికి అన్ని భారతీయ లిపులలోను ఒకే మీట. ఆంగ్ల కె ఉన్న మీట నొక్కితే తెలుగులో ‘క’, కన్నడంలోను ఒడియాలోను వాటి కకారమే వస్తుంది. డి మీట పొల్లు, జె మీట ‘ర’. కె, డి, జె వరుసగా నొక్కితే ‘క్ర’. లిపిని మార్చి అవే మూడు మీటలు నొక్కితే కన్నడ క్ర, మరల మార్చితే ఒడియా క్ర. చేతివేళ్లు ఒకసారి నేర్చినది మరి రెండు లిపులకు పనికివస్తుంది. తమిళంలో అక్షరాలు తక్కువ గనుక కొన్ని మీటలు ఖాళీగా ఉంటాయి, అంతే తేడా.

ఇన్‌స్క్రిప్ట్ తెలుగు, కన్నడ, ఒడియా, తమిళ అమరికలు లినక్స్‌లో ముందే ఉంటాయి. కొత్తగా ఏమీ దింపుకోవలసిన పని లేదు. గ్నోమ్‌లో అమరికల పేటికలోని కీబోర్డ్ భాగంలో వాటిని చేర్చి, విండోస్ గుర్తు మీటను, స్పేస్ మీటను కలిపి నొక్కితే లిపి మారుతుంది. ఈ ఒక్క విషయంలో గ్నోమ్ అన్నింటికంటె సుఖం. ఆంగ్ల అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతి కావలసినవారికి ఐబస్ గాని ఫిక్టిక్స్ గాని కావలెను. గ్నోమ్‌లో ఐబస్ కలిసే ఉంటుంది. ప్లాస్మాలో వేల్యాండ్ మీద మాత్రం కీబోర్డ్ అమరికలలో వర్చువల్ కీబోర్డ్ అనే చోటికి వెళ్లి, ఐబస్‌నో ఫిక్టిక్స్‌నో ఎంచుకోవలెను. ఈ మెలిక తెలియక ప్లాస్మాలో తెలుగు రాదని వదలివేసేవారు ఉన్నారు.

సిన్నమన్ రూపంలో విండోస్‌కు దగ్గరగా ఉంటుంది. అడుగున పట్టీ, ఎడమ మూల మెనూ. విండోస్‌కు అలవాటు పడిన పెద్దలకు తడబాటు ఉండదు. అయితే 2024 నాటి మింట్ 22లో దాని వేల్యాండ్ రూపం ప్రయోగదశలోనిదే, మామూలుగా నడిచేది ఎక్స్11 మీదనే. ఒకే తెర ఉన్న ఇంటికి ఇది లోపం కాదు.

ఒకదానిని ఎంచుకొంటే రెండవదాని సాధనాలు దక్కవేమోనన్న భయం అక్కరలేదు. వీడియోలు కూర్చే కేడెన్‌లైవ్, బొమ్మలు గీసే క్రిటా, పిల్లల ఆటపాటల జీకాంప్రి, నక్షత్రాలను చూపే కేస్టార్స్ కేడీఈ వారివే అయినను గ్నోమ్‌లోను సిన్నమన్‌లోను పనిచేస్తాయి. ఒకే యంత్రంలో రెండు డెస్క్‌టాప్‌లను ఉంచి, ప్రవేశించే తెర వద్ద ఎంచుకోవడం కూడా సాధ్యమే. కాని ఒకే ఖాతాలో రెంటినీ మార్చి మార్చి వాడితే అమరికలు కలగాపులగమవుతాయి. అంతకంటె ఇంటిలో ఒక్కొక్కరికి ఒక ఖాతా తెరవడం మేలు. తాతగారి ఖాతా మెనూలు తెలుగులోను, పిల్లవాడివి కన్నడంలోను ఉంచవచ్చును. తెలుగు అనువాదం అన్నిచోట్ల పూర్తికాలేదు గనుక నడుమ నడుమ ఆంగ్ల మాటలు కనబడతాయి.

మొత్తం మీద, కొత్తది నేర్చుకొనే ఓపిక గల యువకుడు ఇంట ఉండి, పెద్ద తెర, మంచి కార్డు ఉంటే ప్లాస్మా. అనేక లిపులలో వ్రాతపని ఎక్కువైతే గ్నోమ్. పెద్దలే ఎక్కువగా వాడితే సిన్నమన్. ఏది అనుకొన్నా ముందు పెన్‌డ్రైవు నుండి నడిపి చూడవచ్చును. అప్పుడు ‘స్వాతంత్ర్యం’, ‘జ్యోత్స్న’ అనే మాటలను బ్రౌజరులో ఒకసారి, లిబ్రేఆఫీసులో ఒకసారి వ్రాసి చూడాలి. ఒత్తులు చెదరకుండా వస్తే పరీక్ష నెగ్గినట్లే. పెన్‌డ్రైవు మీద నడిచేటప్పుడు ఎన్‌విడియా సొంత డ్రైవరు ఉండకపోవచ్చును గనుక, ఆ సమయంలోని వేగాన్ని బట్టి తీర్పు చెప్పకూడదు.

పాత డిస్కును చెరపకముందు మరొక పని ఉన్నది. కొన్నేండ్ల క్రితం అను ఫాంట్లలో కొట్టించిన పెండ్లి పత్రికలు, నాటకాల ప్రతులు, దరఖాస్తుల నకళ్లు ఇంటి కంప్యూటరులో ఉండే అవకాశం ఎక్కువ. అవి యూనికోడ్ కావు. ఏ డెస్క్‌టాప్‌లో తెరచినా అర్థం లేని గుర్తులే కనబడతాయి. విండోస్ ఇంకా తెరచుకొంటున్నప్పుడే వాటిని పీడీఎఫ్‌గా మార్చి, మూల ప్రతులతో సహా వేరొక పెన్‌డ్రైవులో దాచి, అది మరొక యంత్రంలో తెరచుకొంటున్నదని చూసుకొన్న తరువాతనే డిస్కును చెరపవలెను.