రొద లేని కంప్యూటర్ కావాలంటే ముందు వేడి తగ్గించాలి
విడిభాగాలు ఎంచుకునేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు

నల్లగొండ జిల్లా పల్లెల్లో కంప్యూటర్ ఇప్పుడు వింత వస్తువు కాదు. డిగ్రీ చదివే అమ్మాయికి, పోటీ పరీక్షలకు తయారయ్యే కుర్రాడికి, ఇంట్లోనే టైపింగు, లెక్కల పని చేసుకునేవారికి అది నాగలి, కొడవలి లాంటి పనిముట్టే. ధాన్యం డబ్బు చేతికి వచ్చాకనో, పొదుపు సంఘంలో అప్పు తీసుకునో వేలకు వేలు పోసి కొంటున్నారు. కంపెనీ కంప్యూటర్ కన్నా విడిభాగాలు కొని బిగించుకున్నది మరమ్మతుకు సులువు, అవసరానికి తగినట్టుగా ఉంటుందని చాలామంది ఆ దారి పడుతున్నారు.

తీరా ఇంటికి తెచ్చాక తెలిసే చిక్కు ఒకటి ఉంది. అదే దాని రొద. రెండు గదుల ఇంట్లో ముసలివారు, పసిపిల్లలు పెందలాడే పడుకుంటారు. పగలంతా పొలం పని, ఇంటి పని సరిపోగా చదువుకునేవారికి దొరికేది రాత్రి వేళే. ఆ వేళ డబ్బాలోని ఫ్యాన్లు మిర్యాలగూడ రైస్ మిల్లులా మోగితే పెద్దలు కట్టేయమంటారు. అప్పు చేసి కొన్న కంప్యూటర్ మూల పడుతుంది, చదువు ఆగుతుంది.

నివాస ప్రాంతాల్లో రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు శబ్దం 45 డెసిబెల్స్ మించరాదని కేంద్ర ప్రభుత్వం 2000 సంవత్సరంలో తెచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. అయితే ఇంట్లోని డబ్బాకు కొలత పెట్టడానికి ఎవరూ రారు. పక్కన నిద్రపోయే మనిషి చెవే దానికి కొలత.

వేడే అసలు కారణం

కంప్యూటర్‌లో చప్పుడు చేసేవి ముఖ్యంగా రెండే. ఒకటి ఫ్యాన్లు, రెండు పాతరకం హార్డ్ డిస్క్. ఫ్యాన్లు ఊరికే తిరగవు. డబ్బా లాగిన కరెంటు దాదాపు అంతా చివరకు వేడిగానే మారుతుంది. ఆ వేడిని బయటకు నెట్టడానికే ఫ్యాన్లు. లోపల వేడి పెరిగినకొద్దీ మదర్‌బోర్డు వాటి వేగం పెంచుతుంది. వేగం పెరిగితే రొద పెరుగుతుంది. కనుక నిశ్శబ్దం కోరేవారు మొదట వెతకవలసింది ఖరీదైన ఫ్యాన్‌ను కాదు, తక్కువ వేడి పుట్టించే ప్రాసెసర్‌ను.

జిల్లా నుంచి చాలామంది సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి విడిభాగాలు తెచ్చుకుంటారు. ఏసీ గదిలో, పదిమంది మాటల మధ్య బిగించి చూపితే ఏ కంప్యూటరైనా నిశ్శబ్దంగానే కనిపిస్తుంది. అసలు పరీక్ష మే నెలలో, రేకుల ఇంట్లో.

లెక్క చూస్తే విషయం తేటపడుతుంది. పని చేసేటప్పుడు ప్రాసెసర్ గది వేడి కన్నా 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకుందాం. షాపులో 25 డిగ్రీలుంటే అది 65 దగ్గర నిలుస్తుంది. ఇంట్లో 43 డిగ్రీలుంటే 83కు చేరుతుంది. ఫ్యాన్ ఎంత గట్టిగా తిరిగినా గదిలోని గాలి కన్నా చల్లగా చేయలేదు. సుమారు 95 నుంచి 100 డిగ్రీలకు చేరితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి పని వేగం తగ్గించుకుంటుంది. అప్పుడు రొదకు రొద, ఆలస్యానికి ఆలస్యం.

పేరు చివరి అక్షరం చూడాలి

ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు ఇన్ని వాట్లు అని రాసి ఉంటుంది. ఇంటి పనికి 65 వాట్ల రకం చాలు. భారీ పని పడితే కాసేపు అంతకన్నా ఎక్కువ లాగినా, చదువు, టైపింగు, వీడియో పాఠాలకు అందులో కొంతే ఖర్చవుతుంది. ఇంటెల్‌లో పేరు చివర 'కె' అక్షరం ఉంటే అది సాధారణంగా 125 వాట్ల రకం. దానితో పెట్టెలో ఫ్యాన్ కూడా రాదు. ఎక్కువ వేగం ఆశ చూపి దాన్ని అంటగడితే వేసవిలో ఇల్లంతా మోగుతుంది.

'ఎఫ్' అక్షరం ఉంటే తెర మీద బొమ్మ చూపే ఏర్పాటు ప్రాసెసర్‌లో ఉండదు, విడిగా గ్రాఫిక్స్ కార్డు కొనాలి. ఆ కార్డుకు మళ్లీ సొంత ఫ్యాన్లు, సొంత వేడి. ఏఎండీలో 'జి' అక్షరం ఉన్న రకాల్లో బొమ్మ చూపే ఏర్పాటు లోపలే ఉంటుంది. 2021లో వచ్చిన రైజెన్ 5 5600జి అలాంటిదే. ఆరు కోర్లు, 65 వాట్లు. పెద్ద ఆటలు, సినిమా ఎడిటింగు లేనివారు గ్రాఫిక్స్ కార్డు మానుకుంటే డబ్బు మిగులుతుంది, రొదలో పెద్ద వాటా పోతుంది. ఇలాంటి ప్రాసెసర్‌కు ర్యామ్ ఒకే ముక్కగా కాక రెండు సమాన ముక్కలుగా వేస్తే పని చురుగ్గా సాగుతుంది.

పెద్ద ఫ్యాన్, నిదానపు తిరుగుడు

చిన్న ఫ్యాన్ గట్టిగా తిరిగి నెట్టే గాలిని పెద్ద ఫ్యాన్ నిదానంగా తిరిగే నెట్టగలదు. 80 మిల్లీమీటర్ల ఫ్యాన్‌తో పోలిస్తే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ వైశాల్యం రెండింతలకు పైగా ఉంటుంది. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది, చప్పుడు మాత్రం సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. 10 డెసిబెల్స్ తగ్గితేనే చెవికి చప్పుడు సగమైనట్టు అనిపిస్తుంది. అందుకే గట్టిగా తిరిగే ఒక ఫ్యాన్ కన్నా నిదానంగా తిరిగే రెండు ఫ్యాన్లు మేలు.

ప్రాసెసర్‌తో వచ్చే చిన్న ఫ్యాన్ బదులు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ వేసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. ఇవి చాలావరకు 150, 160 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి. కేబినెట్‌లో పడుతుందో లేదో ముందే అడగాలి. నాలుగు పిన్నుల ఫ్యాన్లు తీసుకుంటే మదర్‌బోర్డు వాటి వేగాన్ని చక్కగా అదుపు చేయగలదు. బిగించే అతనితో బయోస్‌లో ఫ్యాన్ వేగం నిలకడగా ఉండేలా పెట్టించుకోవాలి. ఒకే తీరున వచ్చే చప్పుడుకు చెవి అలవాటు పడుతుంది, పెరుగుతూ తగ్గుతూ ఉండే చప్పుడే నిద్ర చెడగొడుతుంది.

ఎస్‌ఎంపీఎస్‌లో పొదుపు వద్దు

ఇంటి కరెంటును కంప్యూటర్‌కు తగినట్టు మార్చేది ఎస్‌ఎంపీఎస్. కేబినెట్‌తో పాటు ఉచితమని ఇచ్చే నాసిరకంతోనే చాలామంది మోసపోతున్నారు. లోపలి భాగాలకు 100 వాట్లు కావాలనుకుందాం. నూటికి 70 వంతులే ఇవ్వగల ఎస్‌ఎంపీఎస్ గోడ నుంచి 143 వాట్లు లాగుతుంది, 43 వాట్లు వేడిగా పోతుంది. నూటికి 85 వంతులు ఇచ్చేది 118 వాట్లే లాగుతుంది, 18 వాట్లే వృథా. '80 ప్లస్' ముద్ర ఉన్న, 450 వాట్ల మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్ గ్రాఫిక్స్ కార్డు లేని ఇంటి కంప్యూటర్‌కు ధారాళంగా సరిపోతుంది. కరెంటు బిల్లూ కలిసి వస్తుంది.

ఎర్తింగు లేని ఇళ్లలో కేబినెట్ ముట్టుకుంటే జివ్వుమనడం తెలిసిందే. కంప్యూటర్ తెచ్చే ముందే ఎర్తింగు సరిచేయించాలి.

ఇక డిస్క్ సంగతి. పాతరకం హార్డ్ డిస్కులు చాలావరకు నిమిషానికి 5400 లేదా 7200 చుట్లు తిరుగుతాయి. ఆ అదురు చెక్క బల్లకు తగిలి మరింత మోగుతుంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు కాబట్టి చప్పుడూ లేదు. పెళ్లి వీడియోల వంటివి దాచడానికి పెద్ద డిస్క్ కావాలంటే విడిగా బయట తగిలించుకునేది కొని, అవసరమైనప్పుడే పెట్టుకోవచ్చు.

దుమ్ముతో జాగ్రత్త

ముందు వైపు అద్దం మూసిన, రంగు దీపాల కేబినెట్లు చూపుకు బాగుంటాయి కాని గాలి ఆడదు. ముందు జాలీ, దాని వెనుక కడుక్కునే దుమ్ము వడపోత ఉన్నది ఎంచాలి. ముందు గాలి పీల్చే ఫ్యాన్ ఒకటి, వెనుక గాలి వదిలే ఫ్యాన్ ఒకటి చాలు. రోడ్డు దుమ్ము, మిల్లుల ఊక ధూళి, పత్తి నూగు ఎగిరే ఊళ్లలో హీట్‌సింక్ రెక్కల మధ్య పొర కడుతుంది. అప్పుడు ఎంత మంచి కూలరైనా మోగక మానదు. డబ్బాను నేల మీద కాక అడుగు ఎత్తులో, గోడకు జానెడు ఎడంగా పెట్టాలి. నెలకోసారి వడపోత కడిగి ఆరబెట్టి బిగించాలి. వేసవికి ముందు ప్లగ్ తీసేసి లోపల బ్లోయర్ కొట్టించాలి. ఆ సమయంలో ఫ్యాన్ రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకుంటే బేరింగు దెబ్బతింటుంది.

రొద భరించలేక కొందరు డబ్బా మీద దుప్పటి కప్పుతారు. బీరువాలో పెట్టి తలుపు వేస్తారు. ఒక ఫ్యాన్ వైరు పీకేసేవారూ ఉన్నారు. ఇవన్నీ కొరివితో తల గోక్కున్నట్టే. వేడి బయటకు పోక మిగిలిన ఫ్యాన్లు మరింత మోగుతాయి, భాగాల ఆయుష్షు తగ్గుతుంది.

పాతది చౌకగా దొరికితే

ఆఫీసుల్లో తీసేసిన పాత కంప్యూటర్లు చౌకగా వస్తున్నాయి. వాటిలో సన్నని డబ్బాల్లో ఉండేవి చిన్న ఫ్యాన్లు, పెద్ద రొద. పైగా విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్‌లో సాధారణంగా 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి. అంతకన్నా పాతది కొనేవారు ఉచితంగా దొరికే లినక్స్‌తో పని గడుస్తుందో లేదో ఆలోచించుకొని దిగాలి.

డబ్బు తక్కువగా ఉన్నవారు వరుస గుర్తుంచుకుంటే చాలు. 65 వాట్ల ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీ, నమ్మకమైన ఎస్‌ఎంపీఎస్, గాలి ఆడే కేబినెట్. ఇవి కుదిరాకే మిగతావి. టవర్ కూలర్‌ను వచ్చే పంట డబ్బుతోనైనా కొనుక్కోవచ్చు. రంగు దీపాలు అసలు లేకున్నా లోటు లేదు. కొనేటప్పుడు షాపులో ఆ నాలుగింటి పేర్లు, వాట్లు బిల్లు మీద రాయించుకోవాలి. రేపు మాట తేడా వస్తే ఆ కాగితమే ఆధారం.