సౌరగాలి మాయమైన రోజు

1999 మే 11. సూర్యుడి నుంచి ఎడతెరిపి లేకుండా వీచే సౌరగాలి భూమి దగ్గర దాదాపు కరువైపోయింది. మామూలుగా ఇక్కడ ఘన సెంటీమీటరుకు ఐదు నుంచి పది ప్రోటాన్లు ఉంటాయి. ఆ రోజు ఏస్, విండ్ వ్యోమనౌకలకు 0.2 కూడా దొరకలేదు. 98 శాతం మాయం! ఒత్తిడి తగ్గేసరికి భూమి అయస్కాంత కవచం ఉబ్బింది. సౌరగాలి మొదట ఢీకొనే అంచు మామూలుగా సుమారు లక్ష కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అది చంద్రుడి కక్ష్య దాకా జరిగి రికార్డు సృష్టించింది. సూర్యుడి ఎలక్ట్రాన్లు దారిలో చెదిరిపోకుండా నేరుగా వచ్చి ఉత్తర ధ్రువం మీద కురిస్తే, అక్కడి ఆకాశం ఎక్స్‌రేల్లో వెలిగింది. పోలార్ ఉపగ్రహం దాన్ని కళ్లారా చూసింది.

ఇంత జరిగినా సూర్యుడి మీద పెద్ద పేలుడేదీ లేదు. అదే అసలు వింత. అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ శాస్త్రవేత్త పి. జనార్దన్, జపాన్ సహచరులతో కలిసి ఈ చిక్కుముడి విప్పారు. సుదూర రేడియో మూలాల మినుకుమినుకులను బట్టి సౌరగాలి వేగం తెలుసుకుని, అది వచ్చిన దారినే వెనక్కి వెళ్లారు. సూర్యబింబం నడుమ, ఒక పెద్ద మచ్చల ప్రాంతాన్ని ఆనుకుని, సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాలో చిన్న రంధ్రం దొరికింది. అక్కడి ప్రవాహం మొదట్లోనే తెగిపోయిందనీ, తెగిన భాగం రోజుల తరబడి ప్రయాణంలో విస్తరించి పలచబడిందనీ వారి వివరణ.

2022 డిసెంబరులో అంగారకుడి దగ్గరా ఇలాగే గాలి కరువైంది. సాంద్రత వంద రెట్లు పడిపోయిందని మావెన్ నౌక నమోదు చేసింది. అయితే ఈ కరువు దారిలో పుట్టింది. వేగంగా వచ్చిన ప్రవాహం ముందున్న నెమ్మది గాలిని చీపురుతో ఊడ్చినట్టు నెట్టుకుపోయి, వెనక ఖాళీ మిగిల్చింది.

సౌరగాలిలో కరువులే కాదు, ముద్దలూ ఉన్నాయి. సంపూర్ణ గ్రహణంలో కనిపించే కరోనా పాయల కొసల నుంచి చిక్కటి ముద్దలు వరసగా ఊడిపడుతుంటాయి. స్టీరియో వ్యోమనౌకల చిత్రాల్లో వాటి మధ్య ఎడం సుమారు 90 నిమిషాలని తేలింది. సూర్యుడి లయ కోట్ల కిలోమీటర్లు దాటినా చెరిగిపోకపోవడం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

ఇలాంటి గాలి పుట్టిన చోటు వెతకడానికి ఇప్పుడు మరో సాధనం ఉంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన భారత సౌర నౌక ఆదిత్య ఎల్1లోని ఆస్పెక్స్ పరికరం ప్రోటాన్లను, హీలియం కేంద్రకాలను విడివిడిగా లెక్కిస్తుంది. ఈ రెండింటి నిష్పత్తి సూర్యుడి దగ్గరే ఖాయమవుతుంది కాబట్టి, గాలి ఎక్కడ పుట్టిందో అదే చెబుతుంది.