రక్తము తెలిపిన రహస్యము

1952వ సంవత్సరమున డెన్మార్కు రాజధానియగు కోపెన్‌హేగెన్ నగరమున పోలియో వ్యాధి విజృంభించెను. ఊపిరి కండరములు చచ్చుబడి యంత్రముల సాయమున నున్న మొదటి 31 మందిలో 27 మంది మరణించిరి. వారి రక్తమున బైకార్బొనేటు హెచ్చుగ నుండెను. క్షారము మితిమీరుటయే దీనికి కారణమని వైద్యులు తలంచిరి.

మత్తుమందు వైద్యుడగు బ్యోర్న్ ఇబ్సెన్ అందుల కంగీకరింపలేదు. ఊపిరి చాలనిచో బొగ్గుపులుసు వాయువు రక్తమున నిలిచి ఆమ్లత్వమును కలిగించును. దానిని సరిదిద్దుటకై మూత్రపిండములు బైకార్బొనేటును కూడబెట్టును. ఒక్క అంకెను మాత్రమే చూచినవారికి రోగమేదో, దానికి దేహము చేసికొన్న చికిత్స యేదో తెలియదు. కావున మొదట పి.హెచ్. చూడవలెను. ధమనిరక్తమున నది 7.35, 7.45ల నడుమ నుండును. అంతకు తగ్గినచో ఆమ్లత్వము, మించినచో క్షారత్వము. పిదప వాయుపీడనము చూడవలెను. అది సుమారు 40 మిల్లీమీటర్లుండుట సహజము. పి.హెచ్. తగ్గి పీడనము పెరిగినచో దోషము ఊపిరిది. పి.హెచ్.తో పాటు బైకార్బొనేటు కూడ తగ్గినచో, మధుమేహము ముదిరినపుడు వలె, దోషము మరొకచోట నున్నది.

పోల్ ఆస్ట్రప్ పరీక్షింపగా రోగుల రక్తము ఆమ్లమేయని తేలెను. ఆగస్టు 27న పండ్రెండేండ్ల బాలిక గొంతున గొట్టమమర్చి, రబ్బరు సంచిని చేతితో నొక్కుచు ఊపిరి పోసిరి. ఆమె బ్రతికెను. చేతులు చాలక, వందలకొలది వైద్యవిద్యార్థులు వంతులు వేసికొని, రేయింబవళ్లు రోగుల ప్రక్కన కూర్చుండి సంచులు నొక్కిరి.